కొత్త బంతి నెదిరించినవారు



2024 జనవరి 26వ తేదీన మన హైదరాబాదు నగరమున రెండు మైదానములలో ఇద్దరు యువకులు బ్యాటింగ్ చేసిరి. ఇద్దరును ఎడమచేతివాటము వారే, ఇద్దరును ఓపెనర్లే. ఉప్పల్ స్టేడియములో ఇంగ్లండుతో జరుగుచున్న టెస్ట్ మ్యాచ్ రెండవనాడు యశస్వి జైస్వాల్ ముందునాటి తన స్కోరుకు నాలుగు పరుగులు మాత్రమే చేర్చి 80 కడ ఔటై వెడలెను. అదే దినమున నెక్స్‌జెన్ మైదానములో అరుణాచల్ ప్రదేశ్ జట్టుపై రంజీ మ్యాచ్ ఆడుచున్న మన తన్మయ్ అగర్వాల్ 147 బంతులలో మూడువందల పరుగులు పూర్తిచేసి, ఫస్ట్‌క్లాస్ క్రికెట్ చరిత్రలో అంతటి వేగముతో అంతకు మున్నెవ్వరును సాధింపని ట్రిపుల్ సెంచరీని తన పేర వ్రాసికొని, మఱునాడు 366 పరుగులకు ఔటయ్యెను. ఈ రెండింటిలో ఏది గొప్ప ఇన్నింగ్స్ అని అడిగినచో, తన్మయ్ సాధించిన దానిని మనసార మెచ్చుకొనుచునే, క్రికెట్ తెలిసినవాడెవడును అంకెను మాత్రమే చూచి బదులు చెప్పజాలడు. ఎదుట నిలిచిన బౌలర్లెవరు, పిచ్ ఎట్టిది, మ్యాచ్ దేని కొఱకు అను ప్రశ్నలు వెంటనే తలయెత్తును. ఒకే నగరములో ఒకే దినమున ఆడిన ఇద్దరిని పోల్చుటయే ఇంత కష్టమైనప్పుడు, నూఱేండ్ల యెడముతో, వేఱువేఱు ఖండములలో, వేఱువేఱు నియమముల క్రింద ఆడిన మహాబ్యాట్స్‌మెన్‌ను ఒకరి ప్రక్క నొకరిని నిలిపి కొలుచుట యెట్లు? నేటి నా ప్రసంగమునకు విషయమిదియే.

మా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములలో ఈ చర్చకు ఎన్నడును కొఱతలేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్లక్రింద పుస్తకములు విప్పుకొని గ్రూప్స్ పరీక్షలకు సిద్ధపడుచున్న యువకులను, తెలంగాణములోని నలుమూలల నుండి వచ్చి అశోక్‌నగర్ గదులలో ఇరుకుగా కాలము గడుపుచున్నవారిని కదలించి చూడుడు. టెస్టులలో మొట్టమొదట పదివేల పరుగులు చేసినవాడెవడు అనగానే, గవాస్కర్ అనియు, 1987 మార్చిలో అహమ్మదాబాదులో పాకిస్తానుపై అనియు తడుముకొనక చెప్పుదురు. వారి జ్ఞాపకశక్తికి నేను ముగ్ధుడనగుదును. కాని సాయంకాలపు టీ వేళ ఆ అంకెలే వాదములుగా మాఱి, సగటు ఎక్కువ గలవాడు గొప్పవాడు, తక్కువ గలవాడు అల్పుడు అను తీర్మానము వెలువడునప్పుడు నా మనస్సు అంగీకరింపదు. ఆ అంకెలు పుట్టిన మైదానముల స్థితి ఆ లెక్కలో చేరలేదు గదా!

మన సందులలోని ఆటకును టెస్ట్ మైదానములోని ఆటకును గల భేదము ఈ విషయముననే స్ఫుటముగా గోచరించును. నారాయణగూడ సందులలో టెన్నిస్ బంతితో ఆడు పిల్లలలో మొదట బ్యాటింగ్ చేయుట ఒక హక్కు. బ్యాటు ఎవనిదో వాడే ముందు ఆడును, ఆ హక్కు కొఱకు కలహములు కూడ జరుగును. టెస్ట్ క్రికెట్‌లో అదే స్థానము హక్కు కాక భారమగుచున్నది. తళతళలాడు ఎఱ్ఱని కొత్త బంతి, దాని గట్టి కుట్టు, అలసట యెఱుగని ఫాస్ట్ బౌలర్, వెనుక అర్ధచంద్రాకారమున పొంచియున్న స్లిప్ ఫీల్డర్లు, తేమ యాఱని ఉదయపు పిచ్ — వీని యన్నింటి నడుమ, పిచ్ ఎట్లు ప్రవర్తించునో తనకు ముందెవ్వరును ఆడి చూపనందున తానే ప్రథమముగా తెలిసికొనవలసిన స్థితిలో నిలుచువాడు ఓపెనర్. ఒక్కొక్కప్పుడు దినమంతయు ఎండలో ఫీల్డింగ్ చేసి వచ్చి, కాళ్ళు లాగుచుండగా, చీకటి పడుటకు ముందున్న అరగంట సేపు ప్రత్యర్థి బౌలర్ల సమస్త బలమును అతడే సహింపవలెను. త్యాగరాయ గానసభలో కచేరీలు విను అలవాటు గలవారు దీనిని సులభముగా గ్రహింతురు: జనము ఇంకను వచ్చి కూర్చుండుచున్నప్పుడు, మైకు ఇంకను సరిపడనప్పుడు, గొంతు ఇంకను కుదురుకొననప్పుడు పాడవలసిన వర్ణము వంటిది ఓపెనర్ ఆట. సభ చప్పట్లు తరువాతి కృతులకు దక్కవచ్చును గాని, ఆ కృతులు నిలుచు పీఠమును వర్ణమే సిద్ధపఱచును.

కావున ఓపెనర్‌ను తూచుటకు నేను రెండే ప్రశ్నలు వేసికొందును. అతని కాలమున కొత్త బంతియందు ఎంత ప్రమాదము దాగియుండెను? ఆ ప్రమాదమును తాను భరించి, తన వెనుక వచ్చువారికి అతడెంత మిగిల్చెను? సగటు ఈ రెండింటిలో దేనికిని పూర్తి సమాధానము కాదు.

ఈ దృష్టితో చూచినప్పుడు మొదట స్మరింపదగినవాడు ఇంగ్లండు ఓపెనర్ జాక్ హాబ్స్. డబ్ల్యు. జి. గ్రేస్ 1880లో ఓవల్‌లో 152 పరుగులు చేసి ఇంగ్లండు తరఫున తొలి టెస్ట్ సెంచరీని సాధించినాడు, విక్టర్ ట్రంపర్ 1902లో మాంచెస్టరులో భోజన విరామమునకు ముందే సెంచరీ పూర్తిచేసినాడు. వారి కీర్తి వారిదే గాని, ఓపెనింగును ఒక శాస్త్రముగా తీర్చిదిద్దినవాడు హాబ్సే. 1908 నుండి 1930 వఱకు 61 టెస్టులు ఆడి, 56.94 సగటుతో 5,410 పరుగులు చేసెను. ఈ మధ్యకాలములో మొదటి ప్రపంచయుద్ధము అతని యౌవనపు ప్రశస్తమైన యేండ్లను హరించెను. నలువదియాఱేండ్ల వయస్సున, 1929లో, మెల్‌బోర్నులో టెస్ట్ సెంచరీ చేసినాడనగా, అంతటి వయస్సున ఆ పని చేసినవాడు నేటికిని మఱియొకడు లేడు.

హాబ్స్ కాలపు పిచ్‌లను గూర్చి నేటి యువకులకు కొంత వివరముగా చెప్పవలసియున్నది. వాన వచ్చినచో నేడు మైదాన సిబ్బంది పరుగున వచ్చి పిచ్‌పై కవరు కప్పెదరు. ఆ దినములలో ఆట మొదలైన పిదప వాన కురిసినచో పిచ్ తడిసిపోయెడిది. తరువాత ఎండ కాయగా పైపొర బంకవలె ముద్దగట్టి, దానిపై బడిన బంతి ఒకటి పాదముల కడ జాఱును, మఱియొకటి మెడ యెత్తు లేచును, స్పిన్నర్ చేతిలో అది అడ్డముగా తిరుగును. ఆంగ్లేయులు స్టిక్కీ వికెట్ అని పిలిచిన ఆ పిచ్‌పై జట్లు జట్లే నూఱు పరుగులకు లోబడి కూలిపోయెడివి. 1926 ఆగస్టులో ఓవల్‌లో, యాషెస్ నిర్ణయించు చివరి టెస్టులో, రాత్రి కురిసిన వానకు పిచ్ అట్టి దుస్థితికి వచ్చినప్పుడు హాబ్స్ 100, అతని సహచరుడు హెర్బర్ట్ సట్‌క్లిఫ్ 161 చేసిరి. వారిద్దరి తొలి వికెట్టు భాగస్వామ్యము 172 పరుగులు. యాషెస్ ఇంగ్లండుకు మరల దక్కెను. అంతకంటె గొప్పదని నేను తలంచునది 1929 జనవరి నాటి మెల్‌బోర్ను టెస్ట్. 332 పరుగుల లక్ష్యముతో అట్టి బంక పిచ్‌పైననే ఆడి, ఆ ఇద్దరును మొదటి వికెట్టుకు 105 పరుగులు జోడించిరి. అందు హాబ్స్ పరుగులు 49 మాత్రమే. అయినను, ఆట నడుమ బ్యాటు మార్చు నెపమున పెవిలియనుకు కబురు పంపి, తరువాత హామండ్‌కు మాఱుగా జార్డిన్‌ను పంపుడని సలహా యిచ్చినవాడు హాబ్సే. సట్‌క్లిఫ్ 135 చేసెను, ఇంగ్లండు మూడు వికెట్లతో గెలిచెను. ఆ 49ని నేను ఎన్నో డబుల్ సెంచరీలకు మిన్నగా గణింతును. ఇంకొక విశేషము: సట్‌క్లిఫ్ టెస్ట్ సగటు 60.73, అనగా హాబ్స్ సగటు కంటె ఎక్కువ. అయినను ఆ ఇద్దరిలో హాబ్సే శ్రేష్ఠుడని వారి ఆట చూచిన తరము ఏకకంఠముగా పలికెను. సగటును మాత్రమే నమ్మువారు ఈ ఒక్క ఉదాహరణమును చిత్తమున నిలుపుకొన్నను చాలును.

న్యాయముగా ఎదుటిపక్షమును కూడ చెప్పవలెను. హాబ్స్‌కు అనుకూలించిన నియమము ఒకటి కలదు. ఆ దినములలో బంతి రెండు వికెట్ల నడుమ నేలబడినగాని ఎల్బీడబ్ల్యూ ఈయరాదు. ఆఫ్ స్టంపునకు వెలుపల పడి లోనికి తిరుగు బంతిని కాలితో అడ్డగించిన బ్యాట్స్‌మన్‌కు భయములేదు. 1935లో ప్రయోగముగాను, 1937లో స్థిరముగాను ఈ నియమము మాఱెను. తరువాతివారు ఎదుర్కొన్న ఒక ప్రమాదము హాబ్స్‌కు లేకుండెననుట నిజమే. అయినను బంక పిచ్ ప్రమాదముతో తూచినప్పుడు ఇది తేలికయే యగును.

తెలుగువారికి హాబ్స్‌తో ఒక చిన్న సంబంధము కలదు. 1930–31లో విజయనగర మహారాజకుమారుడు, క్రికెట్ లోకము ‘విజ్జీ’ అని పిలిచినవాడు, తన సొంత జట్టు నేర్పఱచి భారతదేశములోను సింహళములోను మ్యాచ్‌లు ఆడించి, అందు పాల్గొనుటకు హాబ్స్‌ను సట్‌క్లిఫ్‌ను రప్పించెను. ఆ పర్యటనలో హాబ్స్ చేసిన రెండు సెంచరీలను ఫస్ట్‌క్లాస్ లెక్కలో చేర్చవలెనా వలదా అను వివాదము వలననే, కొన్ని గ్రంథములలో అతని సెంచరీలు 197 అనియు, కొన్నింటిలో 199 అనియు నేటికిని కానవచ్చుచున్నవి.

అదే విజ్జీ నాయకుడుగా వెడలిన 1936 ఇంగ్లండు పర్యటనలో, మాంచెస్టరు టెస్ట్ రెండవ ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్టుకు 203 పరుగులు చేసిరి. ముస్తాక్ చేసిన 112 విదేశీ గడ్డపై భారతీయుడు చేసిన మొదటి టెస్ట్ సెంచరీ. మర్చంట్ 114. ఒకరు ముందుకు దూకి బంతిని వేటాడువారు, ఒకరు శాస్త్రము తప్పనివారు. ఇట్టి భిన్న స్వభావముల జోడీయే మేలైనదని ఆ దినమే ఋజువయ్యెను. ఇంగ్లండు ఓపెనర్ లెన్ హటన్ 1938లో ఓవల్‌లో 364 చేసి, యుద్ధకాలమున కలిగిన గాయముతో ఎడమచేయి కుఱచయై కూడ లిండ్‌వాల్, మిల్లర్‌ల వేగమును ఎదిరించిన వీరుడు. అతనిని హాబ్స్ వెనుకనే నిలుపుదును.

మన నగరమునకు టెస్ట్ క్రికెట్ వచ్చినది 1955 నవంబరున, ఫతే మైదాన్‌లో. నారాయణగూడ నుండి నడచి పోదగిన దూరమే. ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రిగర్ 223 చేసి, భారతీయులలో మొదటి టెస్ట్ డబుల్ సెంచరీ కర్తయయ్యెను. ఫాలో ఆన్ ఆడిన న్యూజీలాండును ఓటమి నుండి తప్పించినది బెర్ట్ సట్‌క్లిఫ్ అను ఎడమచేతి బ్యాట్స్‌మన్ చేసిన 137 నాటౌట్. ఆ సిరీస్ చివరి టెస్టులో, 1956 జనవరిలో, మద్రాసు కార్పొరేషన్ స్టేడియమున వినూ మన్కడ్ 231, పంకజ్ రాయ్ 173 చేసి, తొలి వికెట్టుకు 413 పరుగులు జోడించిరి. ఆ రికార్డును దాటుటకు ప్రపంచమునకు 2008 వఱకు, అనగా ఏబది రెండేండ్లు పట్టెను. అంకె యంత పెద్దదైనను, ఆనాటి న్యూజీలాండు బౌలింగ్ బలహీనమని చెప్పకతప్పదు. నేను ముందు చెప్పిన కొలత ఇచ్చటను వర్తింపవలెను గదా.

ఇప్పుడు మన జయసింహను గూర్చి. సికిందరాబాదులో 1939లో జన్మించి, 1959లో లార్డ్స్‌లో తొలి టెస్ట్ ఆడి, మెడపట్టీ నిటారుగా నిలుపుకొని మైదానములోనికి నడచివచ్చు ఆ మూర్తిని చూచుటకే జనము వచ్చెడివారు. హైదరాబాదు జట్టుకు ఏండ్ల తరబడి నాయకత్వము వహించినప్పుడు, భారత కెప్టెన్ పటౌడీ సైతము ఆయన నాయకత్వము క్రింద ఆడెను. టెస్టులలో ఆయన లెక్క: 39 మ్యాచ్‌లు, 2,056 పరుగులు, సగటు 30.68, సెంచరీలు మూడు. అశోక్‌నగర్ వాదములలో ఈ 30.68 విని పెదవి విఱుచువారిని నేను చూచియున్నాను. వారికి నా సమాధానము కొంత దీర్ఘమైనది.

జయసింహ స్వభావమున ఓపెనర్ కాడు. అందమైన డ్రైవులతో ఇన్నింగ్స్ మధ్యలో రాణింపదగిన బ్యాట్స్‌మన్. జట్టు అవసరము ఆయనను కొత్త బంతి ముందు నిలిపెను. ఒక్కొక్క టెస్టులో బ్యాటింగ్ ప్రారంభించుటయే గాక, కొత్త బంతితో బౌలింగ్ కూడ ఆయనయే ప్రారంభింపవలసివచ్చెడిది. భారతదేశమునకు నిజమైన ఫాస్ట్ బౌలర్ లేని కాలమది. దాని ఫలితముగా, మన ఓపెనర్లకు నెట్స్‌లో కూడ వేగమును ఎదుర్కొను అభ్యాసము దొరకకుండెను. ఇంగ్లండు, ఆస్ట్రేలియా ఓపెనర్లు బాల్యము నుండి చూచిన వేగమును మనవారు టెస్ట్ దినముననే ప్రథమముగా చూచెడివారు. ఈ లోటును లెక్కింపక ఆనాటి సగటులను తూచుట అన్యాయము.

1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఆయన టెస్ట్ మ్యాచ్ అయిదు దినములును బ్యాటింగ్ చేసెను. ప్రపంచములో ఆ పని చేసిన మొదటివాడు ఆయనయే. ఆ సంవత్సరము డిసెంబరులో కాన్పూరులో పాకిస్తానుపై ఓపెనర్‌గా వచ్చి, ఎనిమిది గంటలకు పైగా క్రీజులో నిలిచి, 99 కడ రనౌట్ అయ్యెను. అంతటి చక్కని స్ట్రోకులు గలవాడు అంత మందగతిని ఆడెనేమని ఆశ్చర్యపడువారు ఆ సిరీస్ స్వరూపమును చూడవలెను. అయిదు టెస్టులును డ్రాగా ముగిసినవి. గెలువవలెనను కోరిక కంటె ఓడరాదను భయము ఉభయ దేశములను ఆవరించిన కాలమది. సొంత ఆనందమును చంపుకొని జట్టు కోరిన ఆట ఆడినవాడు జయసింహ. 1961–62లో ఢిల్లీలో 127, 1964లో కలకత్తాలో 129 — రెండును ఇంగ్లండుపై చేసినవి. 1968 జనవరిలో ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో గాయపడినవారికి మాఱుగా ఆయనను పిలిపించినప్పుడు, విమానము దిగి తగినంత సాధన లేకయే బ్రిస్బేన్ టెస్టులో మధ్యస్థానమున వచ్చి 74, 101 చేసెను. 395 లక్ష్యముగా గల ఆ మ్యాచ్‌లో భారత్ 39 పరుగులతో మాత్రమే ఓడెను. తన స్వభావమునకు తగిన స్థానము దొరికినప్పుడు ఆయన ఎట్లు ఆడెనో ఆ రెండు ఇన్నింగ్సులే చెప్పుచున్నవి. తొలినుండి ఆ స్థానమునే ఇచ్చియున్నచో 30.68 మఱొక విధముగా ఉండెడిదని నా దృఢ విశ్వాసము.

ఆ పర్యటనలోనే మన సయ్యద్ ఆబిద్ అలీ సిడ్నీలో 78, 81 చేసినాడు. బౌలర్‌గా జట్టులో చేరి, అడిలైడ్ తొలి టెస్టులోనే ఆఱు వికెట్లు తీసినవాడు, బ్యాటింగ్ క్రమమున పైకి ప్రాకి ఓపెనర్ బాధ్యతను కూడ వహించెను. హైదరాబాదు క్రికెటర్లలో ఈ గుణము పదేపదే కానవచ్చును: ఎవ్వరును కోరని పనికి తాము ముందు నిలుచుట.

1971 ఫిబ్రవరిలో వెస్టిండీస్‌లోని కింగ్‌స్టన్ టెస్టులో భారత ఇన్నింగ్స్‌ను ప్రారంభించిన జోడీ ఆబిద్ అలీ, కెనియా జయంతిలాల్ — ఇద్దరును హైదరాబాదువారే. జయంతిలాల్‌కు అదియే తొలి టెస్ట్. అయిదు పరుగులు చేసిన తరువాత షిల్లింగ్‌ఫర్డ్ బౌలింగ్‌లో సోబర్స్ పట్టిన అద్భుతమైన క్యాచ్‌కు ఔటయ్యెను. మొదటి దినము వానపాలైన ఆ మ్యాచ్‌లో భారత్ రెండవమాఱు బ్యాటింగ్ చేయవలసిన అవసరమే కలుగలేదు. ఆ టెస్టులో ఒక యువకుడు వ్రేలి గాయము వలన ఆడలేకపోయెను. తరువాతి టెస్టుకు అతడు కోలుకొని, జయంతిలాల్ స్థానమున వచ్చెను. ఆ యువకుడే సునీల్ గవాస్కర్. నాలుగు టెస్టులలో 774 పరుగులు, నాలుగు సెంచరీలు. జయంతిలాల్‌కు మఱియొక టెస్ట్ దొరకలేదు. ఆయన ప్రతిభను ఆ ఒక్క ఇన్నింగ్స్‌తో ఎవరును తూచజాలరు. సోబర్స్ చేయి ఒక్క అంగుళము తప్పినచో ఏమయ్యెడిదో యెవరికెఱుక?

జయసింహ చివరి టెస్ట్ కూడ ఆ పర్యటనలోనిదే. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, పంటినొప్పితో బాధపడుచు గవాస్కర్ 124, 220 చేసిన మ్యాచ్ అది. చిన్ననాటి నుండి జయసింహను ఆరాధించిన గవాస్కర్ తన కుమారునికి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టినాడు: రోహన్ కన్హాయ్ నుండి ‘రోహన్’, జయసింహ నుండి ‘జై’, విశ్వనాథ్ నుండి ‘విశ్వ’. సగటు 51 గల ఓపెనర్ సగటు 30 గల ఓపెనర్‌ను ఇట్లు గౌరవించినప్పుడు, ఆ ముప్పదిలో ఏమి కలదో అతనికి మన కంటె బాగుగా తెలియును గదా.

గవాస్కర్ 125 టెస్టులలో 10,122 పరుగులు, 34 సెంచరీలు చేసెను. అందు 13 వెస్టిండీస్‌పైననే. ఈ పదమూడింటిని తూచునప్పుడు కూడ వివేకము వలయును. 1971 నాటి వెస్టిండీస్ బౌలింగ్ తరువాతి దశాబ్దపు బౌలింగ్ కాదు. 1978–79లో చేసిన నాలుగు సెంచరీలు ప్యాకర్ అను వ్యాపారి వేఱుగా నడపిన సిరీస్‌కు పోయిన ప్రముఖులు లేని జట్టుపై చేసినవి. కాని 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 403 లక్ష్యమును భారత్ ఛేదించి ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు అతడు చేసిన 102, 1983లో ఢిల్లీలో మార్షల్, హోల్డింగ్‌లను హుక్ షాట్లతో ఎదురుదాడి చేసి 94 బంతులలో పూర్తిచేసిన సెంచరీ — ఇవి ఏ కాలపు త్రాసులోనైనను బరువు తగ్గవు. హెల్మెట్ టెస్ట్ క్రికెట్‌లోనికి 1978లో వచ్చెను. గవాస్కర్ ఏనాడును పూర్తి హెల్మెట్ ధరింపలేదు. తన ఆట చివరి యేండ్లలో టోపీ క్రింద ఒక చిన్న కవచము మాత్రమే పెట్టుకొనెను. ఓవరుకు ఇన్ని బౌన్సర్లే వేయవలెనను పరిమితి 1991లో గాని రాలేదు. అయిదడుగుల అయిదంగుళముల మనిషి ఆ వేగము నెట్లు ఎదుర్కొనెనో తలంచినకొలది నా గౌరవము పెరుగుచునేయున్నది. 1983 డిసెంబరులో మద్రాసు చేపాక్‌లో, ఓపెనింగ్ వలదని నాలుగవ స్థానమును కోరుకొన్నప్పుడు, సున్న పరుగులకే రెండు వికెట్లు పడి, కొత్త బంతినే మరల ఎదుర్కొనవలసివచ్చెను. ఆనాడు చేసిన 236 నాటౌట్‌తో, అదే నగరమున మన్కడ్ నెలకొల్పిన 231ని దాటెను.

వెస్టిండీస్ ఓపెనర్లు గ్రీనిడ్జ్, హేన్స్ జోడీ కలిసి 6,482 పరుగులు చేసినది. జోడీగా వారిని మించినవారిని చూపుట కష్టము. అయినను తమ కాలపు అత్యంత భయంకరులైన బౌలర్లు తమ జట్టులోనే ఉన్నందున, టెస్టులలో వారిని ఎదుర్కొనవలసిన అవసరము వారికి కలుగలేదు. ఇంగ్లండు ఓపెనర్ బాయ్‌కాట్ దీక్షను మెచ్చుకొందును గాని, అతని ఇన్నింగ్స్ తరువాతివారికి కాలమును మిగిల్చెనా అను సందేహము నన్ను వీడదు.

జయసింహ కథ మరల మన హైదరాబాదు బ్యాట్స్‌మన్ లక్ష్మణ్ విషయమున జరిగెను. లక్ష్మణ్‌ను కూడ మధ్యస్థానము నుండి ఓపెనర్‌గా మార్చిరి. 2000 జనవరిలో సిడ్నీలో, జట్టు 261కే ముగిసిన ఇన్నింగ్స్‌లో ఆయన ఒక్కడే 167 చేసెను. అట్టి ఇన్నింగ్స్ తరువాత ఓపెనర్‌గా స్థిరపడుటకు ఎవరైనను ఉవ్విళ్ళూరుదురు. కాని ఆయన ఇకపై ఓపెనింగ్ చేయనని నిశ్చయించుకొని, జట్టులో స్థానమును కూడ పణముగా పెట్టి, ఆ సీజన్ రంజీలో హైదరాబాదుకు 1,415 పరుగులు చేసి తిరిగివచ్చెను. 2001 మార్చిలో కలకత్తాలో 281 మూడవ స్థానమున వచ్చినదే. జయసింహ తరమునకు అట్లు నిరాకరించు అవకాశము లేకుండెను. లక్ష్మణ్ నిరాకరణను కొందఱు స్వార్థమనిరి. నేను దానిని ఆత్మజ్ఞానమందును. ఓపెనింగ్ బలవంతముగా అప్పగింపదగిన పని కాదు.

సెహ్వాగ్ కూడ మధ్యస్థానము నుండియే వచ్చెను గాని, అతడు ఆ స్థానమునే తనకు తగినట్లు మార్చివేసెను. 2008లో చేపాక్‌లో దక్షిణాఫ్రికాపై 278 బంతులలో ట్రిపుల్ సెంచరీ పూర్తిచేసి, 319 కడ ఆగెను. ఇంగ్లండువంటి చోట బంతి కదలునప్పుడు అతని బలహీనత బయటపడుచుండెను. అక్కడ అతని టెస్ట్ సెంచరీ 2002లో చేసిన ఒక్కటియే. అయినను మొదటి దినము సాయంకాలమునకే మ్యాచ్‌ను గెలుపు దారి పట్టించి, మన బౌలర్లకు ఇరువది వికెట్లు తీయుటకు కాలమును మిగిల్చుట ఓపెనర్లలో అతనికి ముందెవ్వరును అంతగా చేయలేదు. నా రెండవ ప్రశ్నకు అతని సమాధానము అపూర్వము.

2018 డిసెంబరులో మెల్‌బోర్నులో జట్టు ఓపెనర్లు విఫలులై యున్నప్పుడు, కాకినాడలో పుట్టి హైదరాబాదులో ఆట నేర్చిన హనుమ విహారిని ఇన్నింగ్స్ ప్రారంభింపుమనిరి. అతడు 66 బంతులు ఆడి చేసినవి 8 పరుగులు. కొత్త బంతి మెఱుగు ఆ 66 బంతులలో కొంత తఱిగెను. తరువాత పుజారా 106, కోహ్లీ 82 చేయగా, 443కు డిక్లేర్ చేసి భారత్ ఆ టెస్ట్ గెలిచెను. ఆస్ట్రేలియాలో భారత్ ప్రథమముగా సిరీస్ గెలిచిన సందర్భమది. విహారి తరువాతి టెస్టుకే మధ్యస్థానమునకు తిరిగిపోయెను. అతని ఓపెనింగ్ సగటును ఎవరైనను నాకు చూపినచో, ఆ 66 బంతులను చూడుడని బదులు చెప్పెదను.

ఇన్ని చెప్పిన పిదప, నీ తీర్పు ఏమని శ్రోతలు అడుగుదురు. ఓపెనింగ్ ఒక్కని పని కాదు, ఇద్దఱి పని. కావున ఎవడు మొదటివాడని కాక, ఎవరిద్దఱిని పంపుదువని అడుగుడు. బంక పిచ్‌పైన, తెలియని బౌలర్ ఎదుట, హాబ్స్‌ను గవాస్కర్‌ను పంపుదును. మొదటి బంతిని హాబ్స్ ఆడవలెను. పొడి పిచ్‌పైన, గెలువక తప్పని మ్యాచ్ అయినచో, గవాస్కర్ ప్రక్కన సెహ్వాగ్‌ను నిలుపుదును. జయసింహను ఓపెనర్‌గా పంపను. ఆయనకు అయిదవ స్థానమును, ఆయన జీవితకాలమున ఇచ్చి తీరవలసిన స్థానమును, ఇత్తును.